వాడికి తెలియక కాదమ్మా, తెలిసింది వేళకు చేతికందక

అమ్మా, మీరు రాసినదంతా రెండుసార్లు చదివాను. మీ బాబుకు పదిహేనేళ్లు, ఇప్పుడు పదో తరగతి. ఎనిమిది దాకా కావలిలోనే ఎట్టాగో నెట్టుకొచ్చాడు. తొమ్మిదిలో నెల్లూరులో హాస్టల్ ఉన్న స్కూల్లో వేస్తే ఏడాదిలో రెండుసార్లు ఇంటికి పంపారు. కుదురు లేదు, పక్కవాళ్లను చదవనివ్వడు, హోంవర్కు చెయ్యకుండానే అయిపోయిందంటాడు, ఏడాదికి ఐదు జామెట్రీ బాక్సులు పోగొట్టాడు. అదే పిల్లవాడు అల్లూరు దగ్గర మీ రొయ్యల గుంటల మీద రాత్రిపూట ఏరియేటరు (నీళ్లకు గాలి పట్టించే యంత్రం) ఆగిపోతే మూడు గంటలు కదలకుండా కూర్చుని మోటారు విప్పి బాగుచేస్తాడు. ఎవరో ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస మీద, కుదురు మీద పట్టు చిక్కని మెదడు ఎదుగుదల సమస్య, కావచ్చన్నారు. మీ ఆయన మాత్రం "జబ్బూ లేదు గిబ్బూ లేదు, చదువంటే ఒళ్లు వంగట్లేదంతే" అంటున్నారు. ఎవరి మాట నిజం, ఇప్పుడేం చెయ్యాలి అని అడిగారు.

నేను నెల్లూరులో ఇరవై ఏళ్లకు పైగా పిలకాయల మానసిక సమస్యలు చూస్తున్న డాక్టర్ని. మీ ప్రశ్నకు వచ్చేముందు ఇంకొకటి చెప్పాలి. ఉత్తరం చివర ఒక్క ముక్కగా రాసి వదిలేశారు: మొన్న గొడవలో వాడు "నేను పోతే మీకు పీడ పోతుంది" అన్నాడని. దాన్ని కోపంలో అన్న మాటగా తీసిపారేయొద్దు. ఈ రోజే, ఇద్దరే ఉన్నప్పుడు నెమ్మదిగా అడగండి, "నాన్నా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందనే భయం అక్కర్లేదు. అడగటం వల్ల అట్లా జరగదు, పైగా చాలామంది పిల్లలు ఎవరో ఒకరు అడిగారు కదా అని ఊపిరి పీల్చుకుంటారు. గుంటల దగ్గర షెడ్డులో మందులూ రసాయనాలూ ఉంటాయి కదా, దానికి ఈ పూటే తాళం వేయించండి. "అవును" అన్నాడంటే ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అర్ధరాత్రి అయినా 14416కు ఫోన్ చెయ్యొచ్చు. అది 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక ఏరియేటరు సంగతి. "మూడు గంటలు మోటారు దగ్గర కూర్చునేవాడు పది నిమిషాలు లెక్కల దగ్గర కూర్చోలేడా?" అని మీ ఆయన అడుగుతున్నది న్యాయమైన ప్రశ్నే. ఇన్నేళ్లలో ఏ ఊరి నుంచి వచ్చిన నాన్నయినా నన్ను అడిగింది ఇదే. జవాబేమిటంటే, ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస లేకపోవడం కాదు. ధ్యాసను కావలసిన చోటికి, కావలసిన వేళకు తిప్పుకునే పట్టు లేకపోవడం. ఏరియేటరు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి పంట పోతుంది. పని కొత్తగా ఉంది, తొందర ఉంది, స్పానరు తిప్పిన ప్రతిసారీ ఫలితం కళ్లముందు కనిపిస్తుంది, నాన్న పక్కనే ఉన్నాడు. అలాంటి చోట ఆ మెదడు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. లెక్కల చాప్టరుకు ఫలితం ఎప్పుడు? మార్చిలో పరీక్ష రాస్తే ఆ తర్వాతెప్పుడో మార్కులు. అంత దూరాన ఉన్నదాన్ని పట్టుకుని ఇప్పుడు కూర్చోవడమే వాడికి చేతకాదు. చదవాలని తెలుసు, ఎట్లా చదవాలో కూడా తెలుసు, అడిగితే మీకంటే బాగా చెబుతాడు. ఆ తెలిసింది ఆ నిమిషంలో చేతికందదు. అందుకే నీతులు, తిట్లు, బుజ్జగింపులు ఏవీ పనిచెయ్యలేదు. అవన్నీ తెలియనివాడికి చెప్పేవి.

ఒక మాట: మెయిన్ ఆపకుండా ఆ మోటారు మీద చెయ్యి వెయ్యనివ్వకండి. ముందూ వెనకా చూడకుండా దూకేయడం కూడా ఈ సమస్యలో భాగమే.

ఇది పెంపకంలో లోపం వల్ల వచ్చేది కాదు. తీపి ఎక్కువ తింటేనో, ఫోన్ చూస్తేనో పుట్టేది కూడా కాదు. ప్రపంచంలో పిల్లల్లో వందకు ఐదుగురు దాకా ఉంటుంది. కవలల మీద జరిగిన పరిశోధనల్లో ఇందులో వంశపారంపర్యం పాలు 70 నుంచి 80 శాతం దాకా అని తేలింది. "వాళ్ల నాయనా చిన్నప్పుడు ఇంతే, పెద్దయ్యాక కుదురుకోలా?" అని మీ అత్తగారు అన్నారని రాశారు చూడండి, ఆవిడ మాటలో సగం వైద్యం ఉంది. మీ ఆయన్ను తప్పుపట్టడానికి కాదు, కొడుకుని అర్థం చేసుకోవడానికి ఆయనకంటే దగ్గరి మనిషి లేడని చెప్పడానికి ఆ మాట వాడుకోండి. ఆయన ఒక్కచోట కూర్చునే ఉద్యోగంలో కాకుండా గుంటల మీద ఎందుకు నిలదొక్కుకున్నారో ఆయన్నే ఆలోచించమనండి.

అమెరికాలో మెదడు స్కానింగులతో చేసిన ఒక పరిశోధన 2007లో వచ్చింది. మెదడు పైపొర ఎదిగే తీరు ఈ పిల్లల్లోనూ మామూలు పిల్లల్లోనూ ఒకటే, కాకపోతే ఈ పిల్లల్లో సగటున మూడేళ్లు ఆలస్యమవుతోందని అందులో చూశారు. ముఖ్యంగా వెనకబడేది నుదుటి వెనక భాగం. ఆగడం, వరస పెట్టుకోవడం, వేళ గుర్తుంచుకోవడం లాంటివి చూసే చోటు అది. కాబట్టి తెలివిలో మీవాడు పదిహేనేళ్లవాడే. సొంతంగా సర్దుకోవడంలో, కోపం ఆపుకోవడంలో పన్నెండేళ్లవాడని అనుకుని చూడండి, సగం గొడవలు తగ్గుతాయి. పన్నెండేళ్ల పిల్లవాడిని హాస్టల్లో వేసి "నీ సంగతి నువ్వే చూసుకో" అంటామా?

అయితే మీరు రాసింది చదివి మీవాడికి ఏడీహెచ్‌డీయే అని నేను చెప్పను, చెప్పకూడదు. ఇప్పుడు ఎక్కడ చూసినా రీల్స్ చూసి పేర్లు పెట్టేస్తున్నారు. డాక్టర్లకు దీనికి కొలతలున్నాయి. లక్షణాలు పన్నెండేళ్ల లోపే మొదలై ఉండాలి, ఆరు నెలలకు తగ్గకుండా ఉండాలి, ఒక్క చోట కాకుండా ఇంట్లోనూ బడిలోనూ కనిపించాలి, బతుకును అడ్డుకునేంత ఉండాలి. ధ్యాసకు సంబంధించి తొమ్మిది లక్షణాలు, కుదురులేనితనం, తొందరపాటుకు సంబంధించి ఇంకో తొమ్మిది ఉన్నాయి. ఏ ఒక్క వైపైనా కనీసం ఆరు ఉండాలి, పదిహేడు నిండితే ఐదు చాలు. నిన్నగాక మొన్న హాస్టల్‌కు వెళ్లాకే ఇదంతా మొదలైతే అది ఏడీహెచ్‌డీ కాదు, ఇంకేదో. మీరు మూడో తరగతిలోనే టీచరు డైరీలో ఎర్ర ఇంకుతో రాసేదన్నారు, అందుకే నాకు అనుమానం గట్టిగా ఉంది.

ముందు ఇట్లాగే కనిపించే వేరే కారణాలు లేవని తేల్చుకోవాలి. చూపు, వినికిడి, రక్తహీనత, థైరాయిడ్. కొన్ని క్షణాలపాటు చూపు నిలిచిపోయి పిలిచినా పలక్కుండా ఉండే ఒక రకం ఫిట్స్ ఉంటాయి, వాటిని కూడా "పరధ్యానం" అనుకునే ప్రమాదం ఉంది. దిగులు, భయం, ఎవరైనా ఏడిపిస్తుండటం కూడా చూడాలి. అన్నిటికంటే ముందు నిద్ర. ఈ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్, పొద్దున నాలుగున్నరకు గంట కొట్టే చోట ఏడాది ఉంటే ఏ పిల్లవాడికైనా ఏడీహెచ్‌డీ ఉన్నట్టే కనిపిస్తుంది. నిజంగా ఉన్నవాడికైతే అది నిప్పుకు గాలి తోడైనట్టే. ఇంటికి వచ్చేశాడు కాబట్టి రెండు వారాలు తొమ్మిది గంటలు పడుకోనిచ్చి, ఎంత తేడా వచ్చిందో రాసిపెట్టుకోండి. డాక్టరుకు అది చాలా పనికొస్తుంది.

స్కాన్ తీయిస్తే, రక్తం పరీక్ష చేస్తే ఇది తేలిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. పైన చెప్పిన వేరే కారణాలు లేవని తేల్చుకోవడానికి డాక్టరు రాస్తే తప్ప వాటికి డబ్బు పొయ్యొద్దు. నిర్ధారణ అంటే మీతో, వాడితో తీరిగ్గా మాట్లాడటం, టీచర్లతో ప్రశ్నావళి నింపించడం, పాత ప్రోగ్రెస్ కార్డులు చూడటం. చదవడంలో, రాయడంలో, లెక్కల్లో విడిగా లోపం ఉందేమో కూడా పరీక్షించమని అడగండి, ఈ పిల్లల్లో చాలామందికి ఏడీహెచ్‌డీ, ఈ అభ్యసన లోపం రెండూ కలిసే ఉంటాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు, కానీ అభ్యసన లోపం ఉంది. అది తేలి సర్టిఫికెట్ ఉంటే పరీక్షలో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు అడగొచ్చు. మార్చి దగ్గరపడ్డాక పరుగెత్తితే పని కాదు, ఇప్పుడే మొదలుపెట్టాలి.

ఎక్కడికి వెళ్లాలంటే, నెల్లూరులో అయినా ఒంగోలులో అయినా ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగాన్ని అడగండి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం కింద చూసే సమస్యల్లో ఏడీహెచ్‌డీ కూడా ఉంది, జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీ (పిల్లల సమస్యలను తొందరగా పట్టుకుని సాయం చేసే కేంద్రం) దానికోసమే. కేసు చిక్కుగా ఉంటే బెంగళూరు నిమ్హాన్స్‌లో పిల్లలకూ టీనేజీ వాళ్లకూ ప్రత్యేక విభాగమే ఉంది. రెండేళ్లుగా రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గాకు వెళ్లి స్వర్ణాల చెరువులో చదువు రొట్టె తీసుకుంటున్నానని రాశారు. అది మానమని నేను చెప్పను. ఆ మొక్కులో ఉన్నది వాడి మీద మీకున్న ప్రేమే. రొట్టె కోసం నెల్లూరు వచ్చే రోజుకు ఒకరోజు అటో ఇటో ఆసుపత్రికి కూడా కలుపుకోండి.

మందుల గురించి మీ ఆయనకు భయమని రాశారు, "మత్తుమందు ఇచ్చి పడేస్తారంట" అని. మిథైల్‌ఫెనిడేట్ మత్తుమందుల చట్టం నియంత్రణలో ఉన్న మాట నిజమే. అందుకే ప్రతి మెడికల్ షాపులో దొరకదు, చీటీ లేకుండా ఇవ్వరు. కానీ అది నిద్రపుచ్చే మందు కాదు. మెదడులో డోపమిన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాలు ఎక్కువసేపు నిలిచేట్టు చేసి, ధ్యాస మీద పట్టు పెంచుతుంది. 1944లోనే తయారైంది, దీని మీద ఉన్నంత పరిశోధన పిల్లల మానసిక వైద్యంలో చాలా కొద్ది మందుల మీదే ఉంది. డాక్టరు చూపులో వాడిన పిల్లలు తర్వాత మత్తుకు బానిసలవుతారనడానికి ఆధారం దొరకలేదు. ఆకలి తగ్గడం, నిద్ర ఆలస్యం కావడం, కడుపునొప్పి, తలనొప్పి ఉండొచ్చు. బరువు, ఎత్తు, నాడి, బీపీ చూస్తుండాలి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు వచ్చిందా, ఉన్నట్టుండి పోయారా అన్నది ముందే చెప్పండి. ఇది పడకపోతే ఆటొమాక్సిటిన్ ఉంది, దాని గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

మీ ఆయనకు ఇట్లా చెప్పండి: గుంటలో మేత వేసి ఊరుకోరు కదా, చెక్ ట్రే పైకి లాగి ఎంత తిన్నాయో, ఎంత మిగిలిందో చూసి రేపటి మేత పెంచాలా తగ్గించాలా తేలుస్తారు. ఈ మందూ అంతే. తక్కువలో మొదలుపెట్టి, వారం వారం చూసి, సరిపోయే మోతాదు దగ్గర ఆగుతాం. ఆ చెక్ ట్రే లాగి చూసి చెప్పాల్సింది మీరు, టీచరు, అన్నిటికంటే ముఖ్యంగా బాబు. పొద్దున టిఫిన్ కడుపునిండా పెట్టాకే మాత్ర ఇవ్వండి. మధ్యాహ్నం తినకపోయినా మందు గుణం తగ్గాక రాత్రికి ఆకలేస్తుంది, ఆ వేళకు చేపల పులుసో పప్పో వేడిగా ఉంచండి.

"అన్నిటికంటే ముఖ్యంగా బాబు" అని ఊరికే అనలేదు. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో, వివరాలు మార్చి చెబుతున్నాను, ఒక పదహారేళ్ల కుర్రాణ్ణి తీసుకొచ్చారు. వాళ్ల నాన్నతో అరగంట మాట్లాడాను, మందు రాశాను. కుర్రాడు గోడకున్న క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు. నెల తర్వాత గుణం లేదన్నారు, మోతాదు పెంచాను. ఇంకో నెలకు వాళ్లమ్మ ఒక పాత జామెట్రీ బాక్సు తెచ్చి నా బల్ల మీద తెరిచింది. కంపాసు కింద, చెరిగిపోయిన ఎక్కాల కాగితం కింద, వరసగా మాత్రలు. ఒక్కటి కూడా మింగలేదు. ఎందుకు నాన్నా అంటే, "నాకేమైందో నాకెవరూ చెప్పలేదు మేడం" అన్నాడు. తప్పు నాది. అప్పటి నుంచి టీనేజీ పిల్లలెవరొచ్చినా మొదటి పదిహేను నిమిషాలు వాళ్లతోనే, తలుపు వేసి. చిన్నపిల్లలకు మనం నిర్ణయించి చెయ్యొచ్చు. పదిహేనేళ్లవాడికి వాడు ఒప్పుకోనిదేదీ సాగదు. మందయినా అంతే, టైంటేబులయినా అంతే.

మందు ఒక్కటే చాలదు. మందు వాడినా వాడకపోయినా ఇంట్లో చెయ్యాల్సిన పని ఒకటే: వాడి బుర్రలో ఉండాల్సినదాన్ని బయట, కళ్లముందు, పని జరిగే చోట పెట్టడం.

వాడు చదివే బల్ల ఎదురుగా ముళ్లున్న గోడ గడియారం ఒకటి పెట్టండి. అంకెల గడియారం పనికిరాదు, దాంట్లో కాలం కదలడం కనిపించదు. పాతదైనా ఫరవాలేదు, గాజు మీద పన్నెండు నుంచి నాలుగు దాకా ముక్కను మార్కర్ పెన్నుతో ఎర్రగా రంగు వెయ్యమనండి, వాడి చేత్తోనే. సరిగ్గా ఆరింటికి కూర్చుంటాడు. పెద్దముల్లు ఎర్ర ముక్క మీద నడిచినంతసేపే పని, అంటే ఇరవై నిమిషాలు. ముల్లు రంగు దాటగానే లేవాలి. ఇంకా చదువుతానన్నా సరే, లేచి మిద్దెక్కి రావాలి, మొక్కలకు నీళ్లు పొయ్యాలి. మళ్లీ ఆరున్నరకు, ఈసారి ఆరు నుంచి పది దాకా నీలం రంగు. రోజుకు నాలుగు ముక్కలు చాలు. మూడు గంటలు కూర్చుని గంట కూడా ఎక్కని చదువుకంటే ఆ ఎనభై నిమిషాలు నయం. ఈ పిల్లలకు కాలం "ఇప్పుడు", "ఇప్పుడు కాదు" అని రెండే రకాలు. ఎర్ర ముక్క ఆ రెంటి మధ్య ఒక గట్టు కట్టి చూపిస్తుంది.

"చదువుకో" అనకండి. అది వాడికి గాల్లో మాట. "3.2లో మొదటి లెక్క ప్రశ్న నోట్సులో రాయి, చేయక్కర్లేదు" అనండి. రాయడం మొదలుపెట్టాక చెయ్యడం దానంతటదే వస్తుంది, మొదలుపెట్టడమే కొండ. మీరు పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకోండి. నేర్పక్కర్లేదు, పుస్తకంలోకి తొంగిచూడక్కర్లేదు. పక్కన ఒక మనిషి తన పని తాను చేసుకుంటుంటే ఈ పిల్లల ధ్యాస నిలుస్తుంది. ఏరియేటరు దగ్గర నాన్న ఉన్నట్టే.

గుమ్మం లోపలివైపు, వాడి కళ్ల ఎత్తులో, ఒక కాగితం: బాక్సు, డైరీ, క్యారేజీ, బస్ పాస్. సంచి రాత్రే సర్ది గుమ్మానికి అడ్డంగా పెట్టాలి, దాటి వెళ్లలేనట్టు. మెచ్చుకోలు కూడా ఆ రాత్రే, ఆ పని పేరు పెట్టి: "సంచి నువ్వే సర్దుకున్నావు, చూశాను." ఫస్ట్ క్లాసు వస్తే బండి కొంటామని ఆశపెడితే అది మార్చి అంత దూరంలో ఉంటుంది, పనిచెయ్యదు.

అబద్ధాల గురించి ఒక్క మాట. "అయిపోయింది" అనేది మోసం చెయ్యాలని కాదు, ఆ నిమిషానికి తిట్లు తప్పించుకోవాలని. "అయిందా?" అని అడగడం మానేసి "ఎంత దాకా వచ్చింది, చూపించు, కలిసి ముగిద్దాం" అనండి. అబద్ధానికి చోటే లేకుండా పోతుంది.

బండి విషయంలో మాత్రం నేను గట్టిగా చెబుతున్నాను. గుంటల దాకా మోటార్‌సైకిల్ మీద వెళ్లొస్తాడని రాశారు, అదీ హైవే దాటి. ఏడీహెచ్‌డీ ఉన్న కుర్రాళ్లకు ప్రమాదాలు మామూలు వాళ్లకంటే ఎక్కువ. పద్దెనిమిది నిండకుండా ఇలాంటి బండికి లైసెన్సే లేదు. 2019లో మార్చిన చట్టం ప్రకారం పిల్లవాడికి బండి ఇచ్చిన తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. తాళంచెవి మీ ఆయన జేబులో ఉండాలి. ఫోన్ రాత్రి పదికి వంటింట్లో చార్జింగ్‌కు పెట్టాలి, వాడిదే కాదు, ముగ్గురివీ.

స్కూలు. ఇప్పుడు కావలిలో చేర్చిన బడిలో క్లాస్ టీచరును ఒక్కరినే పట్టుకోండి, మేనేజ్‌మెంటు దాకా వద్దు. మూడే కోరండి: కిటికీకి దూరంగా ముందు బెంచీ, హోంవర్కు నోటితో కాకుండా డైరీలో, పీరియడ్ మధ్యలో ఒకసారి బోర్డు తుడవడమో నోట్సులు పంచడమో వాడికి అప్పజెప్పడం. నలభైమంది ఉన్న క్లాసులో అంతకంటే అడగడం న్యాయం కాదు.

వచ్చే ఏడాది ఇంటర్‌కు మళ్లీ నెల్లూరు హాస్టల్ కాలేజీ అంటున్నారు. నా సలహా వద్దనే. ఇంటి నుంచి వెళ్లొచ్చే కాలేజీ చూడండి, లేదా పాలిసెట్ రాయించండి. మోటారు విప్పి బిగించే చేతికి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ గానీ మెకానికల్ గానీ తక్కువ చదువేం కాదు. బంధువులు నాలుగు మాటలంటారు, అననివ్వండి. ఏడీహెచ్‌డీ వయసుతో పాటు కొంత సర్దుకుంటుంది, కుదురులేనితనం బాగా తగ్గుతుంది. చాలామందిలో మరుపు, వాయిదా వెయ్యడం మాత్రం పెద్దయ్యాకా ఉంటాయి. అందుకే వాడు రోజూ చేసే పని వాడి మెదడుకు నచ్చేదై ఉండాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఒకటి నుంచి అయిదు దాకా ప్రోగ్రెస్ కార్డులు, ఆ ఎర్ర ఇంకు డైరీ, ఇప్పటి లెక్కల నోట్సు ఒకటి పట్టుకెళ్లండి. మీ ఆయన్నూ తీసుకెళ్లండి, ఆయన చిన్నప్పటి సంగతులు డాక్టరుకు కావాలి. బయల్దేరే ముందు రాత్రి బాబుకు ఎందుకు వెళ్తున్నారో చెప్పండి, మందలించడానికి కాదనీ, వాడు పడుతున్న కష్టానికి ఒక పేరుందేమో కనుక్కోవడానికనీ. లోపలికి మాత్రం ముందు వాడినే పంపండి. ఏం మాట్లాడాలో తెలియదంటే, ఆ రాత్రి ఏరియేటరు ఎట్లా బాగుచేశాడో అక్కడి నుంచి మొదలుపెట్టమనండి.